ఎడమచెయ్యి నడుము వెనక

గొడవ రెండు పెన్సిల్ సెల్స్ దగ్గర మొదలైంది. ఇంటిల్లిపాదీ నాలుగు రోజులు ఆడపడుచు ఇంట్లో ఉండి నిన్న పొద్దుపోయాక తిరిగొచ్చారు. ఇవాళ ఆదివారం. అత్తగారు సోఫాలో సర్దుకుని కూర్చుని రిమోట్ నొక్కితే టీవీ పలకలేదు. రిమోట్ వెనక మూత తీస్తే లోపల ఖాళీ. ఊరెళ్ళే ముందు మామగారు ఆ సెల్స్ తీసి గోడ గడియారంలో వేశారట; ఇంట్లో లేని నాలుగు రోజులూ టీవీతో పనేముంది, గడియారం మాత్రం ఆగకూడదు కదా అని ఆయన వాదం. "తాళం వేసిన ఇంట్లో గడియారం ఎవరికి టైము చూపించాలండీ?" అని అత్తగారు అడిగారు. "ఇంటికి" అన్నారు మామగారు, ఆ మాత్రం తెలియదా అన్నట్టు. కూతురు పకపకా నవ్వి, రిమోట్ లేకపోతే ఏం తాతయ్యా, కింద బటన్ ఉందిగా అని వెళ్ళి నొక్కింది. అప్పుడూ రాలేదు. చూస్తే గోడ స్విచ్ కూడా ఆపేసి ఉంది. అదీ ఆయన పనే. స్విచ్ వేశారు. టీవీ కింది అంచున ఎప్పుడూ ఉండే ఎర్రదీపం వెలగలేదు. ఆపారు, మళ్ళీ వేశారు, వీపు మీద చరిచినట్టు వెనక చరిచారు. అత్తగారు సెల్స్ సంగతి వదిలేసి స్విచ్ సంగతి పట్టుకున్నారు. తొమ్మిదేళ్ళలో ఏనాడూ ఆపని స్విచ్ ఇప్పుడెందుకు ఆపాలి, మంచి టీవీని చేజేతులా చంపేశారు అని. మామగారు మాట్లాడ్డం మానేశారు. భర్త మధ్యలో వచ్చి, దాని ఆయుష్షు తీరింది, ఎవరి తప్పూ లేదు, పాతసామాన్లవాడికి ఇచ్చేసి కొత్తది తెచ్చుకుందాం అన్నాడు. కూతురు అప్పటికే చెప్పులు వేసుకుంది. మామగారు అలక మీదే ఉన్నా, గోడ కొలిచిన టేపు జేబులో వేసుకుని వాళ్ళ వెనకే షోరూముకి బయల్దేరారు. అత్తగారు సీరియల్ వేళ దాటిపోతుందని పై అంతస్తు వాళ్ళింటికి వెళ్ళారు. ఒంటిగంటన్నరకల్లా అందరూ భోజనానికి వచ్చేస్తామన్నారు. ఆ ఇంటి కోడలిని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

అడగాలని వాళ్ళకు తోచకపోవడంలో తప్పేమీ లేదు, చెప్పాలని ఆమెకూ తోచలేదు కదా, లేక తోచిందా, తోచి నాలుక చివరిదాకా వచ్చి కూరలో ఉప్పు చూసే నెపంతో వెనక్కి మళ్ళిందా. పొయ్యి ఆపింది. అన్నం ఉడికింది, కూర మూత కింద కూర్చుంది, ఇక చెయ్యాల్సిందేమీ లేదు. పడగ్గదిలో బల్ల దీపం తెచ్చి టీవీ వైరు తీసి ఆ ప్లగ్గులోనే పెట్టింది. వెలిగింది. అంటే గోడది తప్పు లేదు. చేతులు వాటంతట అవే తర్వాతి మెట్టు వెతుక్కుంటున్నాయి. మొన్న సోమవారం వీధి చివర రిపేర్ల షాపుకి మిక్సీ పట్టుకెళ్ళినప్పుడు కూడా ఇంతే, ఆ ముసలాయన మిక్సీ తిప్పి చూస్తుంటే, మోటారు బాగానే ఉందండీ, లోపల బ్రష్షులు అరిగాయి అని నోరు జారింది. ఆయన కళ్ళద్దాలు తీసి ఆమెను చూశాడు. మళ్ళీ పెట్టుకుని చూశాడు. ఎక్కడ నేర్చుకున్నావమ్మాయ్ అన్నాడు. చెప్పింది. ఆయన చాలాసేపు స్క్రూడ్రైవర్‌తో బల్ల మీద గీతలు గీస్తూ కూర్చుని, నా చూపు ఇక ఆనడం లేదు, ఈ కాలపు బోర్డుల మీద నలకలంత ముక్కలు, నువ్వొచ్చి కూర్చుంటావా అన్నాడు. కూర్చోకపోతే షాపుని చెప్పులవాళ్ళకి ఇచ్చేస్తాడట. ఆదివారం రాత్రిలోగా చెప్పమన్నాడు. ఆ నాలుగు రోజులూ ఆడపడుచు ఇంట్లో గిన్నెలు తుడుస్తూ, పక్కలు వేస్తూ, నవ్వుతూ, లోపల ఒకటే మాట తిప్పుకుంది: చేతనవుతుందా, ఇంకా చేతనవుతుందా. ఆదివారం వచ్చేసింది. ఇది విప్పి లోపం పట్టుకుంటే వెళ్తాను, పట్టుకోలేకపోతే ఆ మాట ఇంట్లో ఎవరికీ తెలియకుండానే పోతుంది, అని బల్ల దీపం ఆర్పుతూ తనతో తనే పందెం వేసుకుంది.

ఇస్త్రీపెట్టె కొన్నప్పుడు వచ్చిన అట్టపెట్టె అలమారా కింద ఉంది. ఆ ఇంట్లో ఇస్త్రీ చేసేది ఆమె ఒక్కతే కాబట్టి ఆ పెట్టె జోలికి వేరే ఎవరూ పోరు; దాచాలనుకుని దాచింది కాదు, ఎవరూ తెరవని చోటు ఇల్లంతట్లో అదొక్కటే దొరికింది. లోపల పాత బనీను గుడ్డలో చుట్టిన స్క్రూడ్రైవర్లు, సోల్డరింగ్ ఐరన్, హోల్డరుకి రెండు వైర్లు తగిలించిన అరవై క్యాండిళ్ళ బల్బు, అద్దం మీద చిన్న పగులున్న ముల్లు మీటరు. మీటరు వెనక మూత తీస్తే సెల్స్ లేవు. అవి కారి లోపల పాడుచేస్తాయని పంతొమ్మిదేళ్ళ కిందట తనే తీసేసింది, అంత జాగ్రత్తగా. అంత జాగ్రత్త పడిందంటే మళ్ళీ వాడతాననే అనుకుందన్నమాట, ఆ పిల్ల, పెళ్ళి చీరలు సర్దుకుంటూ ఒక పక్కన మీటరుకి గుడ్డ చుట్టుకున్న ఆ పిల్ల. కరెంటెంతుందో చూడడానికి సెల్స్ అక్కర్లేదు, ఫ్యూజు చూడడానికి కావాలి. స్టూలెక్కి గోడ గడియారం దింపింది. సెల్స్ తీసి మీటరులో వేసి, గడియారాన్ని మళ్ళీ గోడకి తగిలించింది. పన్నెండూ ఇరవైకి అది ఆగిపోయింది. ఇంటికి టైము చూపించేవాళ్ళు లేకుండా పోయారని నవ్వొచ్చింది. మీటరు తీగలు రెండూ కలిపితే ముల్లు నిద్రలో ఉలిక్కిపడ్డట్టు లేచి కుడివైపు కొసకి వెళ్ళి ఆనుకుంది.

టీవీని సోఫా మెత్తల మీద బోర్లా పడుకోబెట్టింది. పన్నెండు స్క్రూలు. ఒక్కొక్కటీ తీసి స్టీలు మూతలో వేస్తుంటే ఆ చప్పుడు, టింగుమని, అదే చప్పుడు, ఆ పొడవాటి షెడ్డులో పొద్దున్నే ఎనిమిదింటికి మొదలై సాయంత్రం దాకా వానలా పడుతూ ఉండేది. టీవీలు బిగించే ఫ్యాక్టరీ. నలభై మంది ఆడపిల్లలు వరసలో కూర్చుని అతికేవాళ్ళు, చివర్న వెలగని సెట్లకి ఎర్రచీటీ కట్టి ఒక మూల బల్ల మీదకి పంపేవాళ్ళు, ఆ బల్ల దగ్గర ఇద్దరే. ఆమె, చుక్క. చుక్క అసలు పేరు హాజరుపట్టీలో ఉండేది గానీ ఎవరూ పిలవలేదు. ఆ పిల్ల సీసం అతికితే ముగ్గుపిండితో పెట్టినట్టు గుండ్రంగా, మెరుస్తూ, ఒక్క చుక్క, అంతే. ముందు చూడు, తర్వాత వాసన చూడు, తర్వాత వేలు పెట్టు, మీటరు ఆఖర్న, మీటరుని ముందే అడిగేవాళ్ళకి ముక్కూ కళ్ళూ ఎందుకే అనేది చుక్క. ఇప్పుడూ ముందు చూసింది. ఈ సెట్టు ఎంత పల్చగా ఉంది, అప్పటి వాటికి ఇంత పొట్ట, వెనక ఇంత మెడ, ఎత్తాలంటే ఇద్దరు పట్టాలి. మాడిన మచ్చ ఏదీ లేదు. వంగి వాసన చూసింది. దుమ్ము వాసన, వెచ్చబడ్డ ప్లాస్టిక్ వాసన, దాని అడుగున ఎక్కడో, చాలా పల్చగా, చేపలు కడిగిన నీళ్ళ వాసన. ఆమె కళ్ళు మూసుకుంది. చుక్కా, ఉంది, లోపల ముక్క పాడైతే వచ్చే వాసన ఉందే. బతికించిన ప్రతి సెట్టుకీ వెనక మూత లోపలివైపు పెన్సిల్‌తో గుర్తు పెట్టేవాళ్ళు, ఎవరూ పెట్టమన్నది కాదు. లోపం పట్టినవాళ్ళు ఒకరు, సరిచూసినవాళ్ళు ఒకరు. చుక్క చుక్క పెట్టేది, ఆమె దాని కింద చిన్న గీత గీసేది. రెండూ లేనిదే సెట్టు బల్ల దిగేది కాదు. ఎన్ని వందల ఇళ్ళకి వెళ్ళాయో ఆ చుక్కా గీతా, ఎంతమంది వాటి ముందు కూర్చుని అన్నాలు తిన్నారో. పెళ్ళైన కొత్తలో ఏ ఇంటికి వెళ్ళినా మనుషుల్ని పలకరించక ముందు టీవీ వీపు కేసి చూసేది. ఒకసారి కూతురికి జ్వరమొచ్చి ఆసుపత్రికి వెళ్తే, ఎదురుచూసే గదిలో, ఇనప స్టాండు మీద, వాళ్ళ సెట్టే. పిల్లని భుజాన వేసుకుని దాని వెనక్కి వెళ్ళి నిలబడింది. మూత మూసే ఉంటుంది కదా, గుర్తు లోపల ఉంటుంది కదా, ఏం చూద్దామని వెళ్ళింది. పిల్ల ఒళ్ళు కాలిపోతోంది, సెట్టు వీపు కూడా వెచ్చగా ఉంది, దాని మీద ఒక అరచెయ్యి ఆనించి నర్సు పిలిచేదాకా అలాగే నిలబడింది. పొట్ట ఉన్న ఆ సెట్లన్నీ ఇప్పుడు పాతసామాన్లలో కలిసిపోయాయి. చుక్కా గీతా కూడా.

వేలు పెట్టేముందు బల్బు. పొద్దున స్విచ్ వేశారు, లోపల కదలిక లేదు, అంటే గోడ నుంచి తెచ్చుకున్నదంతా ఆ పెద్ద డబ్బాలో, కరెంటు దాచుకునే కెపాసిటర్‌లో, అలాగే ఉండిపోయి ఉంటుంది. ప్లగ్గు పీకినా పోదు, వాడుకునేవాళ్ళు లేకపోతే మరీ పోదు, ఎంతసేపైనా నోరు మూసుకుని కూర్చుంటుంది. తెలియక ముట్టుకున్నవాళ్ళ చెయ్యి విసిరి కొడుతుంది. వైర్లు రెండూ దాని కాళ్ళకి తగిలించింది. బల్బు ఒక్క క్షణం భగ్గుమని, పసుపుగా, గది నిండా వెలిగి, ఆరిపోయింది. ఆ వెలుగు కళ్ళలో ఉండగానే చూసుకుంది, ఎడమచెయ్యి తనకు తెలియకుండానే నడుము వెనక్కి వెళ్ళి ఉంది. కరెంటున్న సెట్టు మీద ఒక్క చెయ్యే పని చెయ్యాలి, రెండోది వెనక ఉంటే దెబ్బ గుండె మీదుగా పోదు. మొదటిరోజే సూపర్‌వైజర్ నేర్పిన పాఠం అది. మగవాళ్ళు ప్యాంటు జేబులో పెట్టుకునేవాళ్ళు, ఆడపిల్లలకి జేబు లేదు కాబట్టి నడుము వెనక. కాపురానికొచ్చిన మొదటివారం పొయ్యి దగ్గర గరిటె తిప్పుతుంటే భర్త గుమ్మంలో నిలబడి, ఏంటి, హెడ్మాస్టరుగారిలా చెయ్యి వెనక పెట్టుకుని వండుతున్నావు అన్నాడు. ఆమె నవ్వింది. ఎందుకో చెప్పలేదు. తర్వాత అది ఇంట్లో వేడుకైంది, కూతురు నాలుగేళ్ళప్పుడు చెంచా పట్టుకుని అమ్మలా నడుము వెనక చెయ్యి పెట్టి నడిచి చూపిస్తే అందరూ విరగబడి నవ్వారు, ఆమె కూడా నవ్వింది. కుడి చూపుడువేలి మీద సోల్డరింగ్ ఐరన్ కాల్చిన మచ్చ ఉండేది, అది వంటింటి మచ్చల్లో కలిసిపోయింది, ఇప్పుడు ఏది ఏదో ఆమే చెప్పలేదు. ఎవరూ వద్దనలేదు. అది మాత్రం న్యాయంగా చెప్పుకోవాలి. పెళ్ళిచూపుల్లో మామగారు, మా ఇంట్లో టీవీ చూసేవాళ్ళకి కొదవలేదమ్మా, విప్పేవాళ్ళే అక్కర్లేదు అన్నారు, హాస్యానికే అన్నారు, ఆమెకీ నవ్వొచ్చింది. వద్దని ఉంటే ఎదురు తిరిగేదేమో. నవ్వుకి ఎదురెలా తిరుగుతారు.

ఫ్యూజుకి ముల్లు బాగానే లేచింది. కెపాసిటర్ల నెత్తి మీద ఒక్కొక్కదానికీ చూపుడువేలు రాసుకుంటూ వెళ్ళింది, పసిపిల్లల మాడు తడిమినట్టు, చదును, చదును, చదును, చిటికెనవేలి కణుపంత ఉన్న ఒకదాని దగ్గర వేలు ఆగింది. కంటికి ఆనదు, వేలికి ఆనింది. నెత్తి రవ్వంత ఉబ్బింది. పట్టుకున్నానా. తొందరపడకు. ప్లగ్గు పెట్టి, చెయ్యి నడుము వెనక పెట్టి, మీటరు ఆనించింది. గోడవైపు నిండుగా ఉంది. ఇటువైపు అయిదు ఉండాల్సిన చోట ముల్లు రెండు దాకా వచ్చి వణికి పడిపోతోంది, మళ్ళీ వస్తోంది, మళ్ళీ పడిపోతోంది, మెట్టెక్కబోయి ఓపిక లేక కూర్చుండిపోయే మనిషిలా. ఇది ఇవాళ పాడైంది కాదు. లోపల ఎండిపోయి ఏళ్ళయి ఉంటుంది. ఎర్రదీపం వెలుగుతున్నన్నాళ్ళూ ఆ కాస్త వెచ్చదనానికి నెట్టుకొచ్చింది, నాలుగు రోజులు పూర్తిగా చల్లబడేసరికి మళ్ళీ లేవలేకపోయింది. అంటే మామగారి తప్పు కాదు. ఆయన ఆపకపోతే ఇంకో ఏడాది ఎవరికీ తెలిసేది కాదు, అంతే. మీటరు తీగలు అక్కడే తగిలించి వదిలేసి, కూతురి గదిలోంచి జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ తెచ్చింది. ఈ ఉపాయం చుక్కది, ఫ్యాక్టరీలో డ్రయ్యరెక్కడిది, వేడి ఐరన్ని దగ్గరగా పట్టుకుని ఊదేది, చలేస్తోందే దీనికి అనేది. వేడిగాలి ఆ కణుపు మీద పడుతోంది. ముల్లు రెండు దగ్గర వణుకుతూ ఉంది. చుక్క ఇప్పుడెక్కడుందో. ఫ్యాక్టరీ మూతపడ్డాక కబుర్లు చేరవేసేవాళ్ళు కూడా లేకపోయారు. కూతురికి రెండేళ్ళప్పుడు ఒకసారి ఇంటికి ఫోన్ చేసిందట, ఆమె స్నానంలో ఉంది, అత్తగారు తీశారు. ఎవరో నీ స్నేహితురాలట, ఇంకా చేస్తోందా అని అడిగింది, ఆఁ చేస్తోంది, వంటంతా ఆవిడే చేస్తుంది అని చెప్పాను అన్నారు అత్తగారు, మెచ్చుకోలుగానే. నంబరిచ్చిందా అత్తయ్యా అంటే, మళ్ళీ చేస్తానందమ్మా అన్నారు. తడి జుట్టుతో ఫోన్ పక్కన నిలబడింది. ఆ రోజు, ఆ మర్నాడు, ఫోన్ మోగినప్పుడల్లా చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. చుక్క ఏం విని పెట్టేసి ఉంటుంది. చేస్తోంది అని విని సంతోషించి ఉంటుందా, వంట అని విని, సరేలే అనుకుని ఉంటుందా. పదహారేళ్ళుగా ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలని ఉంది, చెప్పడానికి మనిషి లేదు. ముల్లు మూడు దాటింది. మూడున్నర. కాస్త వెనక్కి. నాలుగు. రా, రా తల్లీ, అంది పైకే. అయిదు దగ్గరికి వచ్చి ముల్లు నిలబడిపోయింది, వణుకు లేకుండా, తూనీగ వచ్చి వాలినట్టు. సోఫా మెత్త మీద, గుడ్డ మడతలో, ఎర్రగా, చిన్నగా, దీపం.

డ్రయ్యర్ ఆపింది. దీపం ఉంది. సెట్టుని ప్లాస్టిక్ అంచులు పట్టుకుని రెండు చేతులా లేపి గోడకి ఆనించి బటన్ నొక్కింది. గుడ్డి వెలుగు, తర్వాత రంగులు, ఎవరో ఇద్దరు ఏదో మాట్లాడుకుంటున్నారు, ఏమిటన్నది ఆమెకి పట్టలేదు. చెయ్యి చాచి ముంజేతిని తెర దగ్గరగా తీసుకెళ్ళింది. అప్పట్లో చచ్చిన సెట్టు లేచినప్పుడు ముందు ఝుమ్మని చిన్న చప్పుడొచ్చేది, బొమ్మ రాకముందే ముంజేతి మీద నూగు తెరవైపు లేచి నిలబడేది, అప్పుడు చుక్క ఆమె మోచేతి మీద తన మోచెయ్యి ఆనించి, లేచిందే అనేది, సెట్టునో వెంట్రుకల్నో. ఈ పల్చటి తెరకి ఆ గుణం లేదు. నూగు కదల్లేదు. చాలాసేపు అలాగే పట్టుకుని చూసింది, అయినా కదల్లేదు. కూతురి బల్ల మీద పెన్సిల్ తెచ్చి, ఊడదీసిన వెనక మూతని ఒళ్ళో పెట్టుకుని, లోపలివైపు మూలన చిన్న గీత గీసింది. గీత పైన ఒక చుక్క పట్టేంత చోటు ఖాళీగా ఉంది. దాని మీద పెన్సిల్ మొన ఆనించబోయి, ఆగి, వెనక్కి తీసుకుంది. అది తను పెట్టవలసింది కాదు.

మెట్ల మీద మాటలు వినపడేసరికి టీవీ ఆపింది గానీ గోడ స్విచ్ ఆపలేదు. మూత బిగించలేదు, స్క్రూలు స్టీలు మూతలోనే ఉన్నాయి. భర్త రంగుల కాగితాలు చేతిలో ఊపుకుంటూ వచ్చాడు. నచ్చినదాన్ని మామగారు టేపుతో కొలిస్తే గోడకి నాలుగు వేళ్ళు ఎక్కువైందట, అలమారా జరిపితే సరిపోతుందని వీళ్ళు, అలమారా జరిపితే తలుపు తెరుచుకోదని ఆయన, దారంతా అదే, ఆ గొడవలో హాలు దాటుతూ టీవీ కేసి ఎవరూ చూడలేదు. అత్తగారూ కిందికి దిగొచ్చారు. అందరూ వంటింటి పక్క బల్ల చుట్టూ కంచాల ముందు కూర్చున్నారు. ఆమె వడ్డించింది. మామగారు మొదటి ముద్ద కలుపుతూ అలవాటుగా గోడ మీదకి చూశారు.

"గడియారం పన్నెండూ ఇరవైకి ఆగిపోయిందే. సెల్స్ ఎవరు తీశారు?"

"నేనే మామయ్యగారూ. మీటరుకి కావలసొచ్చాయి."

"కరెంటు మీటరుకి సెల్స్ ఎందుకమ్మా?"

"కరెంటు మీటరుకి కాదు. నా మీటరుకి."

అప్పటికి కూతురు హాల్లోకి తొంగిచూసి, కంచం ముందు నుంచి లేచి వెళ్ళి, అక్కణ్ణించే చెప్పింది. "అమ్మా, టీవీ వెనకంతా విప్పేసి ఉంది. ఎర్రదీపం వెలుగుతోంది."

మెకానిక్ ఎప్పుడొచ్చాడని భర్త అడిగాడు. ఎవరూ రాలేదని ఆమె చెప్పింది. లోపల ఒక చిన్న ముక్క ఎండిపోయిందని, వెచ్చబెడితే లేచిందని, స్విచ్ ఆపడం వల్ల పాడవలేదని మామగారి వైపు తిరిగి మరీ చెప్పింది. ఆయన అత్తగారి కేసి ఒక చూపు చూసి, ముద్ద నోట్లో పెట్టుకున్నారు. అత్తగారికి ఆ విజయం పట్టలేదు. ఆవిడ కోడలి చేతుల్నే చూస్తున్నారు.

"ఒక్కదానివీ ఉన్నప్పుడు అదంతా విప్పావా? షాక్ కొడితేనో?"

"కొట్టదు అత్తయ్యా. ఒక చేత్తోనే చేశాను. ఎడమచెయ్యి నడుము వెనకే ఉంది."

భర్త చేతిలో ముద్ద కంచం మీదే ఆగింది. అతను ఆమెను చూశాడు, ఆమె నడుమును చూశాడు. గిన్నె బల్ల మీద పెట్టి గరిటెతో నిలబడ్డ ఆమె ఎడమచెయ్యి ఇప్పుడూ అక్కడే ఉంది. పంతొమ్మిదేళ్ళ నవ్వు అతని ముఖం మీద ఎటు పోవాలో తెలియక కాసేపు తిరిగి, మాయమైంది.

"ఆ ముక్క కొత్తది వెయ్యాలి" అంది ఆమె. "రేపు పదింటికి వీధి చివర రిపేర్ల షాపుకి వెళ్తున్నాను."

అత్తగారు తేలిగ్గా ఊపిరి తీసుకున్నారు. "అలా చెప్పు. పదకొండుకల్లా వచ్చేస్తావుగా మరి."

"ఆరింటికి వస్తాను అత్తయ్యా. ఎల్లుండీ అంతే, ఆ తర్వాతా అంతే. ఆయనకి చూపు ఆనడం లేదు, ఆ బల్ల దగ్గర నేను కూర్చుంటున్నాను. పొద్దున వంట చేసి పెట్టి వెళ్తాను, రాత్రికి అందరం కలిసి చేసుకుందాం. ఇవాళ సాయంత్రం ఆయనకి ఆ మాట చెప్పి వస్తాను."

కూతురు వచ్చి తన చోట కూర్చుని, తల్లి చూపుడువేలి మీద మచ్చని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. మామగారు నవ్వలేదు. చాలాసేపు కంచంలో అన్నం ఒక పక్కకి నెట్టి, మళ్ళీ ఇటు నెట్టి, చివరికి తలెత్తి గోడ కేసి చూశారు.

"మరి గడియారానికి?"

"నాలుగు సెల్స్ తెస్తాను మామయ్యగారూ" అంది ఆమె, ఆయన కంచంలో కూర వేస్తూ. "గడియారానికి రెండు, రిమోట్‌కి రెండు. ఆ రెండు మాత్రం నా మీటరులోనే ఉంటాయి."